గుర్రాలకు నీళ్లు పెట్టిన కృష్ణుడు

మా ఆయన కొయ్య మీద బొమ్మలు చెక్కే మనిషి. ముప్పై అయిదేళ్లుగా ఆయన చెక్కుతారు, నేను మెరుగు పెడతాను. మెరుగు పెట్టడమంటే గరుకు కాగితంతో రుద్దడం, పొడి దులపడం, నూనె పట్టించడం, అది ఇంకాక మైనం రాసి మెత్తటి గుడ్డతో తుడవడం. ఆయన ఉలి వెళ్లిన ప్రతిచోటికీ నా వేలు వెళ్లాల్సిందే. కింద పనిగది, పైన మేముండే మూడు గదులు. మెట్లెక్కేముందు ఒంటి మీద రంపంపొట్టు దులుపుకోమని నేను రోజూ చెప్తాను, ఆయన రోజూ మర్చిపోతారు.

మా వీధి చివర కొత్తగా ప్రార్థనా మందిరం కట్టారు. దాని పెద్ద తలుపులు చెక్కే పని మా ఆయనకి వచ్చింది. రెండు రెక్కలు, రెక్కకి ఆరు పలకలు. కృష్ణుడు మనిషిగా పుట్టిన దగ్గర్నుంచి మనిషిగా కన్నుమూసే దాకా మొత్తం కథ ఆ పన్నెండు పలకల్లో రావాలన్నారు మందిరం అధ్యక్షుడుగారు. ఆయన హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మనిషి మంచివాడే కానీ, ఎదుటివాళ్లంతా ఇంకా ఆరో తరగతిలోనే ఉన్నారనుకుంటారు.

పద్నాలుగు నెలలు పట్టింది పదకొండు పలకలకి. చెరసాలలో పుట్టుక, బుట్టలో ఏరు దాటడం, వెన్న కోసం ఉట్టి కొట్టడం, కొండ ఎత్తడం, చిన్ననాటి స్నేహితుడి కాళ్లు కడగడం, అన్నీ ఒక్కొక్కటే తేలి వచ్చాయి. చెరసాల పలకలో నోరు తెరుచుకుని నిద్రపోయే కాపలావాడికి మా తమ్ముడి పోలికలొచ్చాయి. వాడు అది చూసి రెండు నెలలు మా గడప తొక్కలేదు. అన్నిటికంటే చివరి పలక, చెట్టు కింద పాదంలో బాణం దిగి ఉన్నా, ఆ బాణం వేసిన వేటగాడినే ఓదార్చే కృష్ణుడు. అది మెరుగు పెడుతుంటే నా చెయ్యి చాలాసార్లు ఆగిపోయింది.

మిగిలిందల్లా యుద్ధం పలక. అది మా ఆయన ఆఖరికి అట్టేపెట్టుకున్నారు. రథం మీద కృష్ణుడు నిలబడి చెయ్యెత్తి బోధ చేస్తుంటాడు, అర్జునుడు విల్లు కింద పడేసి కూర్చుంటాడు, ముందు నాలుగు గుర్రాలు. అందరికీ తెలిసిన బొమ్మే. నెలన్నరలో పూర్తి చేసేశారు.

ఇక్కడ మా కోడలి సంగతి చెప్పాలి. మా అబ్బాయి కరెంటు పని చేస్తాడు. ఊరి చివర క్లబ్బువాళ్ల గుర్రపుశాలలో దీపాలు బిగించడానికి వెళ్లి, అక్కడ గుర్రాల్ని చూసుకునే పిల్లని పెళ్లి చేసుకుంటానన్నాడు. వాళ్ల నాన్న గుర్రాల గిట్టలకి నాడాలు కొట్టే మనిషి. పిల్ల కూడా ఆ లాయంలోనే పెరిగింది. తెల్లవారుజామున లేచి వెళ్తుంది, పేడ ఎత్తుతుంది, మాలీసు చేస్తుంది, గాయాలకి మందు రాస్తుంది. సాయంత్రం బూట్లు పెరటి గుమ్మం దగ్గర విప్పి లోపలికి వస్తుంది. ఎంత స్నానం చేసినా జుట్టులో ఎక్కడో ఒక గడ్డిపరక మిగిలిపోతుంది.

నిజం చెప్పేస్తాను. ఇరుగుపొరుగు అడిగితే మా కోడలు "క్లబ్బులో ఉద్యోగం చేస్తోంది" అని చెప్పేదాన్ని. క్లబ్బులో గుర్రాలుంటాయని చెప్పేదాన్ని కాదు. ఆ పిల్లకి ఈ సంగతి తెలుసు. ఒక్కసారి కూడా నన్ను అడగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కోడలు టీ గ్లాసులు పట్టుకుని పనిగదిలోకి వచ్చింది. పలక గోడకి ఆనించి ఉంది. గ్లాసు మావయ్య చేతికిచ్చి, పలక ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

"ఎలా ఉంది?" అన్నారు మా ఆయన. బాగుందని అంటుందనే అడిగారు.

"కృష్ణుడు బాగున్నాడు మావయ్యా."

"మరి?"

"గుర్రాలు ఫొటోకి నిలబడ్డట్టున్నాయి. అంత దూరం రథం లాక్కొచ్చినట్టు లేవు. ఒక్కదానికీ చెమట లేదు. ఈ ఎడమ చివరిది అయితే..." వేలు పెట్టి చూపించింది, "వెనక కాళ్లు ఇలా ఉంటే అడుగు వెయ్యలేదు. కుంటిదన్నమాట."

మా ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశారు. ముక్కు మీదే ఉంటుంది కోపం ఆయనకి. "నీకంటే ముందు నుంచీ గుర్రాల్ని చెక్కుతున్నానమ్మా" అన్నారు.

"చెక్కుతున్నారు మావయ్యా. నేను కాదనలేదు" అని ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.

ఆయన నాలుగు రోజులు ఆ అమ్మాయితో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా నాతో చెప్పేవారు, నేను కోడలికి చెప్పేదాన్ని, కోడలు ఆయన పక్కనే కూర్చుని ఉప్పు అందించేది. అయిదో రోజు పొద్దున ఆ పిల్లే అంది, "ఒకసారి లాయానికి రండి మావయ్యా. నేను చెప్పింది తప్పయితే అక్కడే ఒప్పేసుకుంటాను."

ఆయన చొక్కా మార్చుకున్నారు. కోడల్ని ఓడించే అవకాశం వస్తే మా ఆయన వదులుకోరు. ఎవరో ఒకరు సర్దిచెప్పాలి కదా అని నేనూ వెంట వెళ్లాను. వాళ్ల పెళ్లయిన ఈ రెండేళ్లలో ఆ చోటికి వెళ్లడం నాకదే మొదటిసారి.

మేం వెళ్లేసరికి అక్కడ గోలగా ఉంది. "మొండిది" అని పిలిచే ఎర్రటి ఆడగుర్రం మైదానం ముళ్లకంచె తీగలో వెనక కాలు ఇరికించుకుని, ఆ తీగ తెంపుకుని వచ్చేసింది. తీగ ముక్క కాలికి చుట్టుకుని చర్మంలోకి దిగి ఉంది. ఒంటి నిండా చెమట, నోట్లో నురగ, కళ్లు తెల్లబడ్డాయి. ఇద్దరు మగవాళ్లు చెరో పక్క నిలబడ్డారు కానీ దగ్గరికి పోవట్లేదు. అప్పటికే ఒకడిని తన్నిందట, వాడు మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు రావడానికి రెండు గంటలు పడుతుందని ఫోనులో చెప్పారు.

"అంతసేపు ఆగితే నరం తెగుతుంది" అంది కోడలు. చున్నీ తీసి నా చేతిలో పెట్టింది. "అత్తయ్యా, మీరిద్దరూ ఆ గోడ దగ్గరే ఉండండి. గట్టిగా మాట్లాడొద్దు."

ఆ పిల్ల దాని కళ్లలోకి చూడలేదు. నేరుగా కూడా వెళ్లలేదు. ఏదో పనిమీద అటువైపు పోతున్నట్టు పక్కనించి నడిచి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత ఆ చెయ్యి తియ్యనే లేదు. వీపు మీదుగా, నడుం మీదుగా, తొడ మీదుగా అరచెయ్యి జరుపుకుంటూ వెనక్కి వెళ్లింది. నోట్లో ఏదో సన్నగా అంటూనే ఉంది. మాటలు కావు, పసిపిల్లని జోకొట్టేటప్పుడు వచ్చే చప్పుడు. గుర్రం ఒకసారి కాలు విసిరింది. కోడలు దూరం జరగలేదు, ఇంకా దగ్గరికి ఆనుకుంది. తర్వాత వంగి, గిట్ట ఎత్తి తన మోకాళ్ల మధ్య పెట్టుకుని, కత్తెరతో తీగ తుంచి, ఒక్కొక్క ముల్లూ వేళ్లతో లాగింది. రక్తం ఆమె పంట్లాం మీద కారింది. కడిగి కట్టు కట్టేసరికి నలభై నిమిషాలు పట్టింది. నేను నా చేతిలోని చున్నీని పిండేస్తున్నానని అప్పుడుగానీ గమనించలేదు.

అయిపోయింది కదా, ఇక నీళ్లు పెట్టండర్రా అన్నాడు మోచెయ్యి దెబ్బ తగిలినతను.

"అప్పుడే వద్దు" అంది కోడలు. "ఒళ్లింకా కాలుతోంది." చెమట తుడిచి, మెడా వీపూ రుద్ది, పగ్గం పట్టుకుని నీడలో మెల్లగా అటూ ఇటూ నాలుగు అడుగులు వేయించింది. ఊపిరి సర్దుకున్నాక తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, కాస్త తాగనిచ్చి ఆపి, మళ్లీ కాస్త తాగనిచ్చింది. ఆ మొండిది తల తీసుకొచ్చి కోడలి వీపుకి ఆనించింది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఏ గుర్రాన్నీ చూడట్లేదు. కోడలి చేతుల్నే కళ్లప్పగించి చూస్తున్నారు.

వ్యానులో ఇంటికొస్తున్నప్పుడు ఆయన కోడలివైపు తిరిగి, "యుద్ధంలో ఒక ఘట్టముందమ్మా" అన్నారు. "మధ్యాహ్నం వేళ. శత్రువుల మధ్యలో గుర్రాలు అలిసిపోయాయి. ఒళ్లంతా బాణాలు. ఇక లాగలేవు, వీటిని విప్పాలి అంటాడు కృష్ణుడు. అర్జునుడు రథం దిగి, నేల మీద నిలబడి ఒక్కడే అందరినీ ఆపుతాడు. నీళ్లు లేవంటే బాణంతో నేలని చీల్చి మడుగు పుట్టిస్తాడు. అప్పుడు కృష్ణుడు గుర్రాల్ని విప్పి, తన చేతుల్తో బాణాలు లాగి, ఒళ్లు రుద్ది, కాస్త నడిపించి, నీళ్లు తాగిస్తాడు. ఆ తర్వాత మళ్లీ కడతాడు."

కోడలు శ్రద్ధగా వింది. "నీళ్లు ఆఖర్నా?"

"ఆఖర్నే."

"నడిపించాకా?"

"నడిపించాకే."

"అయితే ఆయనకి పని వచ్చు మావయ్యా" అంది.

మా ఆయన నవ్వారు. నాలుగు రోజుల బిగింపు ఆ నవ్వుతో పోయింది. "ఎన్నిసార్లు చదివానో అది. కానీ ఇవాళే చూశాను" అన్నారు.

మర్నాడు పొద్దున్నే కొత్త పలక బిగించారు. పూర్తయిన పలకని గుడ్డ చుట్టి మూలన పెట్టేశారు. అంత పనీ మళ్లీ మొదటికొచ్చిందే అని నేను గొణుక్కున్నాను కానీ, ఆయన ఉలి చప్పుడులో నా గొణుగుడు ఎవరికి వినబడుతుంది.

రోజూ సాయంత్రం కోడలు పని నించి రాగానే పనిగదిలో నిలబెట్టేవారు. ముక్కాలి పీటని గుర్రం కాలు అనుకుని వంగమనేవారు. బరువు ఏ కాలి మీద ఉంటుంది, భుజం ఎక్కడ బిగుసుకుంటుంది, వేళ్లు ఎలా పట్టుకుంటాయి, అన్నీ చూసేవారు. అమ్మాయి తను కూడా చూసేది. "ఈ చెవులు ఇలా నిక్కబొడుచుకోవు మావయ్యా. నొప్పి తగ్గుతుంటే పక్కలకి వాలిపోతాయి. కింది పెదవి కూడా వదులైపోతుంది." మా ఆయన మారు మాట్లాడకుండా చెవులు సరిచేసేవారు. ముప్పై అయిదేళ్లలో నేను చెప్పింది విని ఆయన ఒక్క గీత మార్చిన గుర్తు లేదు నాకు.

నా వంతు వచ్చినప్పుడు గాయాల చోట గరుకు కాగితం తగలనివ్వలేదు. "అక్కడ ఉలి దెబ్బలు అలాగే ఉండనీ. మిగతా ఒళ్లంతా ఎంత మెరిపిస్తావో మెరిపించు" అన్నారు. నాలుగు రోజులు పట్టింది నాలుగు గుర్రాలకి. తడిసిన మెడ, రుద్దిన వీపు, కడిగిన గిట్ట. ఏది ఎంత మెరవాలో నాకు అర్థమైంది. లాయంలో నేనూ చూశాను మరి.

అధ్యక్షుడుగారు చూడ్డానికి వచ్చారు. కళ్లజోడు తుడుచుకుని, దగ్గరికొచ్చి, వెనక్కెళ్లి, మళ్లీ దగ్గరికొచ్చారు.

"ఇందులో దేవుడేడండీ?"

"అదిగో. వంగి గిట్ట పట్టుకున్నాడు" అన్నారు మా ఆయన.

"వీపు కదా కనిపిస్తోంది."

"గిట్ట చూసుకునే మనిషికి వీపే కనిపిస్తుందండీ."

"కిరీటం?"

"తీసి రథానికి తగిలించాడు. వంగితే పడిపోతుంది కదా."

అధ్యక్షుడుగారు ఊపిరి వదిలారు. "చూడండి. మీ పనికి నేను వంక పెట్టను. కానీ జనం దణ్ణం పెట్టుకోవడానికి వస్తారు. దేవుడు మొహం తిప్పుకుని కూర్చుంటే ఎవరికి పెట్టుకుంటారు? మనం అనుకున్నది బోధ."

"పదకొండు పలకల్లో మొహం చూపించాడు కదండీ. ఈ ఒక్కదాంట్లో ఆయన్ని పని చేసుకోనివ్వండి."

అధ్యక్షుడుగారు మళ్లీ వంగి చూశారు. గిట్ట పట్టుకున్న ఆ చేతుల దగ్గర ఆయన చూపు ఆగింది. "ఇది ఎవర్ని చూసి చెక్కారు? ఇది ఊహించి చెక్కిన చెయ్యి కాదు."

మా ఆయన నా వైపు చూశారు. నేను బయట ఏం చెప్పుకుంటానో ఆయనకి తెలుసు. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది, అప్పుడే పని నించి వచ్చింది, బూట్లు కూడా విప్పలేదు.

"మా కోడల్ని చూసి" అన్నాను. "గుర్రాల దగ్గర పనిచేస్తుంది. పేడ ఎత్తడం దగ్గర్నుంచి కట్లు కట్టడం దాకా అన్నీ చేస్తుంది. మగవాళ్లిద్దరు దగ్గరికి పోలేని గుర్రం కాలు ఈ పిల్ల మోకాళ్ల మధ్య పెట్టుకుంది. నేను నా కళ్లతో చూశాను."

కోడలు నా మొహంలోకి చూసి, తల దించుకుంది. అధ్యక్షుడుగారు ఆమెని అడిగారు, "అంత యుద్ధంలో గుర్రాలకి నీళ్లు పెట్టడం అంత పెద్ద విషయమా అమ్మా?"

"అవి పడిపోతే రథం కదలదు కదండీ. రథం కదలకపోతే లోపల ఎంత గొప్ప వీరుడున్నా ఏం చేస్తాడు?" అంది. ఎదురు చెప్పినట్టు కాదు, తెలిసిన సంగతి చెప్పినట్టు.

ఆయన "కమిటీలో పెడతాను" అని వెళ్లిపోయారు. ఆ వారంలో మా ఆయన ఒకసారి అన్నారు, కాదంటే ఈ పలక మన గుమ్మానికే బిగిస్తాను అని. వారం తర్వాత అధ్యక్షుడుగారే స్వయంగా వచ్చారు. బోధ పలకని లోపల గోడకి పెడతాం, గుర్రాల పలక తలుపుకే పెడతాం, కానీ అట్టడుగు వరసలో, అన్నారు. ఆయన గొంతు చూస్తే కమిటీతో గట్టిగానే వాదించి వచ్చినట్టుంది, ఎటువైపు వాదించారో మాత్రం చెప్పలేదు.

"కిందైతే ఏం. గిట్టలు ఉండేది కిందే" అన్నారు మా ఆయన.

తలుపులు తెరిచే రోజు పొద్దున మందిరం ముందు వీధంతా జనం. కోడలికి నేనే చీర ఇస్త్రీ చేసి పెట్టాను. కానీ ఆ పిల్లకి కట్టుకునే తీరిక లేకపోయింది. లాయంలో ఒక గుర్రానికి నెలలు నిండాయని ముందు రాత్రి అక్కడే ఉండిపోయి, తిన్నగా పని బట్టల్లోనే వచ్చేసింది. జనం వెనక నిలబడింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చాను. మా పక్కింటావిడ బూట్ల వైపు చూస్తే, చూడనీ అనుకున్నాను.

అధ్యక్షుడుగారు మా ఆయన్ని పిలిచి శాలువా కప్పారు. నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. మా ఆయన మైకు ముందు నిలబడ్డం అదే మొదటిసారి. దగ్గి, సర్దుకుని, ఇలా అన్నారు.

"బొమ్మలు నేను చెక్కాను. వాటి మీద మీకు కనిపించే నిగనిగ మా ఆవిడది. ముప్పై అయిదేళ్లుగా ఆవిడదే, నేనే ఎప్పుడూ చెప్పలేదు. కింది వరసలో గుర్రాల పలక ఉంది. అందులో కృష్ణుడి చేతులు మా కోడలివి. దేవుడు భూమ్మీదికి దిగి ఎన్నో గొప్ప పనులు చేశాడంటారు. గుర్రం గిట్ట ఎత్తి పట్టుకోవడం కూడా ఆయన చేసిన పనే. ఆ పని చేసే మనిషి మా ఇంట్లో ఉంది. అంతే."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడలు నా చెయ్యి నలిపేసింది, దాని పట్టు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది.

తలుపులు తెరిచాక జనం పైపలకలు తలెత్తి చూశారు. కింది పలక కోసం వంగారు. పెద్దవాళ్లు కొందరు మోకాళ్ల మీద కూర్చున్నారు. చక్రాల కుర్చీలో వచ్చిన ఒకాయన మాత్రం వంగక్కర్లేకపోయింది. పలక సరిగ్గా ఆయన కళ్ల ఎదురుగా ఉంది. పక్కవాళ్లు వెళ్దామన్నా కదల్లేదు. "ఉండండర్రా. నాకు అందేట్టు పెట్టింది ఇదొక్కటే" అన్నాడు. అధ్యక్షుడుగారు ఆ మాట విన్నారు. మెల్లగా ఆయన కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని, తను కూడా చూశారు.

అంతలో కోడలి ఫోను మోగింది. లాయం నించి. గుర్రానికి నొప్పులు మొదలయ్యాయట.

"నేను వెళ్లాలి అత్తయ్యా."

"నేనూ వస్తాను."

"పట్టుచీర పాడైపోతుంది."

"ఉతుక్కుంటాను. పద."

మా ఆయన శాలువా తీసి మా అబ్బాయికిచ్చి, తనూ వ్యానెక్కారు. మేం వెళ్లిన గంటకి గుర్రప్పిల్ల పుట్టింది. నల్లటిది, నుదుటి మీద తెల్లటి చుక్క. కోడలు ఒక తువ్వాలు నా చేతికిచ్చి, "వీపు రుద్దండి అత్తయ్యా, మెల్లగా, మెడ నించి వెనక్కి" అంది. నేను గడ్డి మీద కూర్చుని రుద్దాను. నా చేతి కింద ఆ చిన్న ఒళ్లు వెచ్చబడింది. లేవబోయి పడింది. మళ్లీ లేవబోయి పడింది. నాలుగోసారి కాళ్లు నాలుగువైపులా చాపుకుని, వణుకుతూ, నిలబడింది.

"చూశారా మావయ్యా" అంది కోడలు, "నిలబడ్డం అంటే ఇదీ."